కొత్త ఇంజను, పసిబిడ్డ కాలు

వర్ధన్నపేట దాటి కాస్త దూరం వచ్చాక కొత్త మూడుచక్రాల ట్రాలీ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. అంతసేపూ డబడబలాడుతూ చెవులు దిమ్మెక్కించిన ఇంజను నోరు మూసేసరికి, రోడ్డు పక్క మిరపచేలో కూలీల మాటలు కూడా వినిపించాయి. వెనక తొట్టిలో బియ్యం మూటకు ఆనుకుని కూర్చున్న అనసూర్య ముందుగా బిడ్డ తల పట్టుకుంది. బిడ్డకు ఐదో నెల. నిద్ర చెడి ఏడుపు అందుకుంది.

బండి నడుపుతున్న ఆమె మగడు వెంకట్రాజం దిగి సీటు ఎత్తాడు. మాడిన నూనె కమురు గుప్పున కొట్టింది. ఇంజను చక్రానికి తాడు చుట్టి బలంగా లాగాడు. తాడు వచ్చింది గాని చక్రం మెదల్లేదు. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ లాగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ట్రాలీ ముందు కట్టిన మామిడాకుల తోరణం ఇంకా పూర్తిగా ఎండనైనా లేదు.

అనసూర్య అత్త లక్ష్మీనర్సమ్మ తొట్టిలోంచి దిగలేదు. కోడలిని, మనుమరాలిని పుట్టింటి నుంచి, మరిపెడ నుంచి, సొంత బండిలో తీసుకుపోవాలని ముచ్చటపడి తానే వెంట వచ్చింది. పొద్దున బయలుదేరేటప్పుడు వియ్యపురాలి ముందు బండి చుట్టూ తిరిగి చూపించింది కూడా. ఇప్పుడామె ఇంజను వైపు చూడటం లేదు. చీర మడతలోంచి బయటపడ్డ బిడ్డ కాళ్ళ వైపు చూస్తోంది.

"నిన్నటిదాక మంచిగనే నడిచింది గదరా. ఇయ్యాల ఏమెక్కించినవు?" అని కొడుకును అడిగింది.

"బియ్యం మూట, అవ్వా."

"బియ్యం మూట ఒక్కటేనా?"

వెంకట్రాజం తాడు చుట్టడం ఆపి తల్లి వైపు చూశాడు. మళ్ళీ తాడు అందుకున్నాడు. అనసూర్య బిడ్డ కాళ్ళ మీదికి కొంగు లాగింది.

చివరికి ఒక లారీ వెనక మోకుతో కట్టుకుని, పొద్దు గూకే వేళకు వరంగల్ చేరారు. కొత్తవాడలో ఆ సందులోకి తిరిగేటప్పుడు అందరి కళ్ళూ ఆ మోకు మీదే. ఇంటి ముందు దిష్టి తీసి బిడ్డను లోపలికి తీసుకోవాల్సిన లక్ష్మీనర్సమ్మ, ఎర్రనీళ్ళ పళ్ళెం పక్కింటి సమ్మమ్మ చేతికిచ్చి తాను లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు వెంకట్రాజం హనుమకొండ రోడ్డులో బండి అమ్మిన షోరూముకు పోయాడు. ట్రాలీని అక్కడికే ఈడ్పించాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూ ఉండిపోయాడు. తల్లి గుచ్చి గుచ్చి అడిగితే, చూస్తామన్నారని చెప్పాడు. ఎందుకు ఆగిందో చెప్పలేదా అంటే, ఇప్పుడే ఏం తెలుస్తుందన్నాడు. ఇంకా వదలకపోతే మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెడుతూ, "కొత్త బండికి దిష్టి గూడ తగులుతదని సారు అన్నడు" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది.

అప్పటినుంచి లక్ష్మీనర్సమ్మ బిడ్డను ముట్టలేదు. తిట్టనూ లేదు. తిడితే ఎదురు చెప్పొచ్చు. ఉయ్యాల పక్కనుంచి పోవాల్సి వస్తే కొంగు దగ్గరికి లాక్కుని, గోడ వారగా పోయేది. బిడ్డ గుడ్డలు వేరే తీగ మీద ఆరేయమంది. నల్లా దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళకు మెల్లగా, బాధగా, ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పింది. నా కొడుకు రాత బాగుంది గాని, పిల్ల కాలు అట్ల పడ్డది, ఏం చేస్తం అని. ఆ బాధ చూసి అందరూ నిజమే అనుకున్నారు. సమ్మమ్మ కూడా మొదట ఊరుకోమన్నది, తర్వాత ఊరుకోమనడం మానేసింది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో జంపఖానాల మగ్గం ఉంది. నర్సింగం, సారయ్య పక్కపక్కన కూర్చుని నేస్తారు. అనసూర్య వచ్చిన మర్నాటి నుంచే వాళ్ళకు కండెలు చుట్టే పని ఆమెదే. రాట్నం ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో నూలు సాగదీస్తూ, కాలి బొటనవేలికి కట్టిన తాడుతో ఉయ్యాల ఊపేది. ఒకనాడు నర్సింగం, ఇనుప దువ్వెన లాంటి పంజాతో పోగులు దిగ్గొడుతూ, ఆమె వినాలనే సారయ్యతో అన్నాడు. "ఈ పిల్ల కాలు పడితే ఇంజన్లు ఆగుతయంటే మస్తు పనికొస్తది రా. కాజీపేటకు తీస్కపోదాం. రైళ్ళోళ్ళు బిరేకులు పీకేసి, ఈ పిల్లనే కూసోబెట్టుకుంటరు."

సారయ్య కిసుక్కుమన్నాడు. అనసూర్యకు నవ్వు రాలేదు గాని, ఆ పూట అన్నం తినగలిగింది.

తినలేకపోయిన పూటలే ఎక్కువ. ఒక మధ్యాహ్నం ఇల్లంతా నిద్రలో ఉండగా బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని, రెండు పాదాలూ తిప్పి తిప్పి చూసింది. వేళ్ళు సరిగ్గానే ఉన్నాయి. మడమ దగ్గర ఎర్రగా ఉంది, అందరు పిల్లలకూ ఉన్నట్టే. తాను దేనికోసం వెతుకుతోందో తట్టేసరికి చటుక్కున పాదాలు వదిలేసింది. అత్త అంటే అత్త అన్నది. తాను కన్నతల్లి అయ్యుండి చూస్తోంది. బిడ్డ పాదాలను కొంగులో మూటగట్టినట్టు చుట్టేసి, పళ్ళు బిగించి కూర్చుంది.

బండి షోరూములోనే ఉంది. వెంకట్రాజం రోజూ పోయి వస్తున్నాడు, ఏమీ చెప్పడం లేదు. తల్లి బిడ్డ మాట ఎత్తితే లేచి బయటికి పోతున్నాడు. చివరికి లక్ష్మీనర్సమ్మే తేల్చింది. బండి నడిచేదాకా తల్లీబిడ్డలు మరిపెడలో ఉండాలి.

"నడిచినంక తోలుకొస్తం. మేమేం ఇడిసిపెడుతలేం గద" అంది.

అనసూర్య చేతిలో రాట్నం ఆగిపోయింది. నడవకపోతే? నడిచి మళ్ళీ ఆగితే? అన్న ఇల్లు, వదిన పొయ్యి. అదీ ఓర్చుకోవచ్చు. బిడ్డ కాలు మంచిది కాదని అత్తగారింట్లోంచే పంపించారన్న మాట ఒకసారి ఊరెక్కితే ఇక దిగదు. బిడ్డ నడక నేర్చేలోపే ఆ పేరు ముందు నడుస్తుంది. ఎవరింట్లో గేదె చచ్చినా, ఎవరి పొలం ఎండినా, ఆనాడు ఈ పిల్ల వచ్చిందా అని అడుగుతారు. అనసూర్య మగడి వైపు చూసింది. వెంకట్రాజం గోడకు ఉన్న మేకు మీద చొక్కా తగిలిస్తున్నాడు. తగిలించడం అయిపోయినా అటే తిరిగి ఉన్నాడు.

పంపేముందు ఒక్కసారి అడిగి చూద్దామని లక్ష్మీనర్సమ్మ పోచమ్మ గుడి దగ్గరి శివసత్తి దగ్గరికి పోయింది. శివసత్తి పూనకంలో చెప్పిందట. ఎవరి కాలు అడ్డమొచ్చిందో ఆ బిడ్డను చంకనేసుకుని, తల్లి తన చేత్తో బండి చుట్టూ పసుపునీళ్ళు పోయాలని. ఇంటి పెద్దామె అక్కడ ఉండొద్దు, చూడొద్దని. అందుకే శుక్రవారం పొద్దున లక్ష్మీనర్సమ్మ వాకిట్లోనే ఆగిపోయింది. వెంకట్రాజం ముందు నడిచాడు. వెనక రిక్షాలో అనసూర్య, ఒళ్ళో బిడ్డ, కాళ్ళ మధ్య వేపమండలు వేసిన పసుపునీళ్ళ బిందె.

షోరూము ముందంతా అద్దాలు, లోపల మెరిసే కొత్త ట్రాలీలు. రిపేరు షెడ్డు వెనకాల ఉంది. గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ బిందెను చూసి చీపురు నేలకేసి కొట్టాడు. "ఇంకోటా? ఆ మూలకు పోసుకో అమ్మా. నిన్న పోసిన బురదే ఆరలే. ఈ నిమ్మకాయలు ఊడ్సుడుకే నాకు జీతమిస్తాండ్రనుకుంటాన."

అనసూర్యకు ఆ మాట అర్థం కాలేదు. లోపలికి పోయాక అర్థమైంది.

షెడ్డులో వరసగా ట్రాలీలు నిలబడి ఉన్నాయి. అన్నీ ఒకటే ఆకుపచ్చ రంగు. అన్నిటికీ కొత్త తోరణాలు, ముందు భాగాన ఆరని కుంకుమ. అన్నిటి సీట్లూ ఎత్తి ఉన్నాయి. చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు. పగిలిన గుమ్మడికాయల మీద ఈగలు. నేల అక్కడక్కడ పసుపు, అక్కడక్కడ ఎరుపు. వాటిలో తమ బండి ఏదో మొదట ఆమె గుర్తుపట్టలేకపోయింది.

పక్క బండి దగ్గర బొడ్డెమ్మలా గుండ్రంగా ఉన్న ఒకామె, తెల్లచీర కట్టుకున్న ఒక సన్నటి మనిషి చుట్టూ నిమ్మకాయ తిప్పుతోంది. తిప్పే ఆమె పేరు యాదవ్వ. పాలంపేట నుంచి వచ్చారు, వడ్ల బస్తాలు మోయడానికి కొన్నారట బండిని. తెల్లచీర ఆమె యాదవ్వ ఆడబిడ్డ కట్టమ్మ. "పొద్దున బండి తీస్తాంటే మా వదిన ఎదురొచ్చింది" అని యాదవ్వ, వదిన అక్కడ లేనట్టే చెప్పింది. కట్టమ్మ తల దించుకుని నిలబడి, అలవాటైన పనిలా నిమ్మకాయ ఎటు తిరిగితే అటు కళ్ళు తిప్పుతోంది. ఇంకా అవతల ఒక షావుకారు తన డ్రైవరు రాజమల్లు అరచేతిలో కర్పూరం వెలిగించి, ఆనాడు తాగలేదని ఒట్టు పెట్టమంటున్నాడు. రాజమల్లు చెయ్యి కాలుతున్నా తియ్యడం లేదు. "తాగుత షావుకారీ, కాదన్ననా? బండి మీద తాగ" అని అదే మాట చెబుతున్నాడు.

అనసూర్య బిందె కింద పెట్టింది. యాదవ్వను అడిగింది, బండి ఎట్లా ఆగిందని. ఒక్క కుదుపు కుదిపి ఆగిందట. మాడిన నూనె కమురు వచ్చిందట. తాడు లాగితే చక్రం మెదల్లేదట. రాజమల్లు అక్కడినుంచే, మాదీ గంతే అక్కా అన్నాడు.

"మరి మీ ఇంట్ల ఎవరు?" అని అడిగింది యాదవ్వ.

"ఈ బిడ్డ అట."

కట్టమ్మ అప్పుడు మొదటిసారి తలెత్తింది. అనసూర్య చంకలో కొంగు చీకుతున్న పిల్లను చూసింది. నిమ్మకాయ తిరుగుతుండగానే ఆమెకు నవ్వు వచ్చింది, ఆగని నవ్వు. "ఇంత పిల్లనా? మీ వాళ్ళు హుషారు అక్కా. నా మీద అన్నరంటే నలుగురిల పడి ఏడుస్తనన్న భయమన్న ఉన్నది. దీనికి తిట్టు గూడ తెల్వదు" అంది. యాదవ్వ చేతిలో నిమ్మకాయ ఆగిపోయింది.

షెడ్డు చివర మెకానిక్ సారంగపాణి ఒక ఇంజను విప్పి కూర్చున్నాడు. అతని పక్కన రేకుడబ్బాలో చిన్న చిన్న పళ్ళచక్రాలు ఉన్నాయి. వాటికి పళ్ళు లేవు. ముసలివాళ్ళ చిగుళ్ళలా నున్నగా అరిగిపోయాయి. అనసూర్య ఒకటి చేతిలోకి తీసుకుంది. ఇదేమిటని అడిగితే సారంగపాణి తలెత్తకుండానే చెప్పాడు. అది తిరిగితేనే నూనె పైకెక్కుతుంది, ఎక్కకపోతే లోపల ఇనుముకు ఇనుము పట్టుకుపోతుంది. ఈసారి ఆ చక్రాలు ఎవడో మెత్తటి ఇనుముతో చేసి కంపెనీకి అంటగట్టాడు. కంపెనీ చూసుకోకుండా బిగించింది.

"అన్ని బండ్లల్ల ఇదేనా?"

సారంగపాణి ఆఫీసు వైపు చూసి, స్పానరు తీసుకుని ఇంజనులోకి వంగాడు.

అదే సమయంలో ముందువైపు నుంచి కొబ్బరికాయ పగిలిన చప్పుడు వచ్చింది. అనసూర్య అటు నడిచింది. అద్దాల ముందు ఒక ఆకుపచ్చ ట్రాలీ పూజకు నిలబడి ఉంది. అయ్యగారు కుంకుమ పెడుతున్నాడు. కొత్తచీర కట్టుకున్న ఒకామె హారతి పళ్ళెం పట్టుకుని, పక్కనున్న ముసలామెతో నవ్వుతూ మాట్లాడుతోంది. షోరూము యజమాని కిషన్ రావు తెల్లబట్టల్లో నిలబడి అందరికీ గోల్డ్‌స్పాట్ సీసాలు ఇప్పిస్తున్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో అనసూర్య ఎన్నడూ మాట కలిపింది లేదు. ఇప్పుడు నేరుగా ఆ కొత్తచీర ఆమె దగ్గరికి పోయి, గొంతు పెంచకుండా అడిగింది.

"అక్కా, మీ ఇంట్ల పసిపిల్లలున్నరా? ముండమోసినోళ్ళెవరన్న ఉన్నరా?"

ఆమె బిత్తరపోయి చూసింది.

"ఉంటే ఇప్పుడే దూరం పంపుండ్రి. ఈ బండి ఆగుతది. ఆగిననాడు వాళ్ళ మీద పెడతరు. వెనక్కి పోయి చూసి రాండ్రి, మేమంత అక్కడనే ఉన్నం."

హారతి పళ్ళెం కింద పెట్టేసింది ఆమె. వెంట వచ్చిన మగవాళ్ళు వెనక షెడ్డు వైపు కదిలారు. అయ్యగారు కుంకుమ వేలితోనే ఆగిపోయాడు. యాదవ్వ, కట్టమ్మ, చెయ్యి ఊదుకుంటున్న రాజమల్లు కూడా అప్పటికి ముందుకు వచ్చి నిలబడ్డారు. కిషన్ రావు మొహంలో నవ్వు చెదరలేదు. అనసూర్యను పట్టించుకోకుండా, వెనకాల వచ్చి నిలబడ్డ వెంకట్రాజం భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమయ్యా వెంకట్రాజం, నీకు మొదటి దినమే చెప్తి గద. గేరు ఖరాబని చెప్తి, కొత్తది వస్తదంటి, నీ బండే ముందు చేస్తనంటి. నలుగురిల అనకు, జర ఊకోమంటి. ఇంట్లోళ్ళకు నువ్వు చెప్పుకోకపోతే నేనేం చేద్దు?"

అనసూర్య అతని మొహం చూసింది. బిడ్డ గుడ్డలు వేరే తీగ మీద ఆరేసిననాడు అదే మొహం. అత్త మరిపెడ పంపాలన్ననాడు అదే మొహం. అన్నీ తెలిసిన మొహం.

"నీ బండి ముందా?" అని అడిగింది యాదవ్వ. ఆ అడగడంలో అరుపు లేదు గాని రాజమల్లు, షావుకారు కూడా అటే తిరిగారు.

ఆ తర్వాత పని తొందరగానే అయింది. కొత్తచీర ఆమె వాళ్ళు బండి వద్దని పోయారు. గేటు ముందు నుంచి ఎవరూ కదలకపోయేసరికి కిషన్ రావు హైదరాబాదుకు ట్రంకాల్ చేసి, మనిషిని రైలెక్కించాడు. తప్పు కంపెనీదని మాత్రం చివరిదాకా అనలేదు. పాపం పోనీ అని చేస్తున్నట్టే చేశాడు. చక్రాలు రాగానే పాలంపేట బండి ముందు బిగించారు. వెంకట్రాజం బండి అన్నిటికన్నా వెనక. యాదవ్వ దగ్గర కూర్చుని మరీ ఆ వరస తప్పనివ్వలేదు.

ఆ శుక్రవారం తిరిగి వస్తున్నప్పుడు అనసూర్య రిక్షా ఎక్కలేదు. బిందె నీళ్ళు గేటు పక్క మోరీలో పారబోసి, బిడ్డను భుజాన వేసుకుని నడిచింది. వెంకట్రాజం ఖాళీ బిందె పట్టుకుని పక్కన నడుస్తూ ఏదో చెప్పబోయాడు. నాలుగు దినాల సంగతే అనుకున్నాడట. సారు మాట తప్పితే బండి మూలకు పడుతుందని భయపడ్డాడట. అవ్వ మాటలు ఎప్పుడూ ఉండేవే కదా అన్నాడు.

"నీ బండికి అడ్డం పెట్టెటందుకు నీకు నా బిడ్డనే దొరికిందా?" అంది అనసూర్య. "నేను చెప్తే మీ అవ్వ నమ్మది. నువ్వు చెప్పాలె."

చెప్తానన్నాడు. ఆ సాయంత్రం చెప్పలేదు. మరునాడు తల్లి అన్నం పెడుతున్నప్పుడు అనసూర్య గుమ్మంలోనే నిలబడింది. అప్పుడూ చెప్పలేదు. ఆమె కండెలు చుడుతూ అతని కోసం చూసింది. నూలు ఎంత గట్టిగా లాగిందంటే తెగి తెగి ముడులు పడ్డాయి. ఇన్ని ముడులేందని నర్సింగం అడగబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ మాత్రం, నీళ్ళు పోసి వచ్చారనుకుని మరిపెడ మాట ఎత్తడం మానేసింది. శివసత్తి మాట ఎప్పుడు నిజమవుతుందా అని ఎదురుచూస్తోంది. బిడ్డను ఇంకా ముట్టలేదు.

ట్రాలీ డబడబలాడుతూ సందులోకి వచ్చిననాడు వాడంతా బయటికి వచ్చింది. లక్ష్మీనర్సమ్మ హారతి తీసి, కళ్ళకద్దుకుంది. "చూసిండ్రా? శివసత్తి ఎట్ల చెప్పిందో అట్లనే అయింది. ఆ పీడ నీళ్ళతోని పోయింది" అని సమ్మమ్మతో అంటూ ఉంటే చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వెంకట్రాజం బండి దిగి, ఎవరివైపూ చూడకుండా ఇంట్లోకి, ఇంట్లోంచి వెనక షెడ్డులోకి పోయాడు. అనసూర్య బిడ్డను ఎత్తుకుని అతని వెనకే వెళ్ళింది. హారతి పళ్ళెంతోనే లక్ష్మీనర్సమ్మ కూడా వచ్చింది, కొడుక్కు బొట్టు పెడదామని.

"చెప్పు" అంది అనసూర్య.

వెంకట్రాజం మగ్గం గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పు. మగ్గం సప్పుడుల వినొస్తలేదు."

నర్సింగం పంజా ఆపాడు. సారయ్య చేతిలో కండె ఆగింది.

"అవ్వా, ఇంజన్ల గేరు ఖరాబు. అన్ని బండ్లు ఆగినయి. కంపెనీది తప్పు." ఊపిరి పీల్చుకున్నాడు. "నాకు మొదటి దినమే తెల్సు."

"నీళ్ళు నేను పొయ్యలేదు అత్తమ్మా. మోరీల పారబోసిన" అంది అనసూర్య.

లక్ష్మీనర్సమ్మ చేతి పళ్ళెంలో కర్పూరం ఇంకా మండుతోంది. అది ఆరేదాకా ఆమె కొడుకునే చూసింది. "మొదటి దినమే" అంది. "నేను పిల్లను ముట్టకుంట గోడ పట్టుకుని నడుస్తాంటే చూస్తనే ఉంటివి. ఆ గుడ్డలు నేను కట్టెతోని జరిపితే చూస్తనే ఉంటివి. ఒక్కతే మనుమరాలు రా. నా చేతులు కట్టేసి కూసోబెట్టినవు గదరా."

ఆమె పళ్ళెం మగ్గం మీద పెట్టి, రెండు చేతులూ చీరకు తుడుచుకుని, బిడ్డ వైపు చాచింది. ఏమీ తెలియని బిడ్డ ఆ చేతుల మీదికి వంగబోయింది. అనసూర్య భుజం పక్కకు తిప్పింది.

"ఇప్పుడే కాదు అత్తమ్మా. వాడల ఎంతమందికి చెప్పినవో అంతమందికీ పోయి చెప్పిరా. అప్పుడెత్తుకో."

చాచిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. అత్త తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని అనసూర్య కాళ్ళు నిలదొక్కుకుంది. లక్ష్మీనర్సమ్మ చేతులు దించింది. కొంగు నడుముకు దోపుకుంది. కొడుకు మణికట్టు పట్టుకుని గుంజ నుంచి ఊడబెరికింది.

"నడువు. నేనొక్కదాన్నే ఎందుకు చెప్పాలె?"

బండి చూడ్డానికి వచ్చిన జనం ఇంకా వాకిట్లోనే ఉన్నారు. వాళ్ళ మధ్య నుంచి ఆమె కొడుకును లాక్కుని పోయి, మొదట సమ్మమ్మ ఎదుట నిలబెట్టింది. వెంకట్రాజం తల దించుకున్నాడు. తల్లి వాడి మోచేతి మీద ఒక్కటి వేసింది.

"మొఖం చూసి చెప్పు" అంది.